అమ్మకు, బాపుకు గ్రీన్ కార్డ్ వేయాలా, విజిటర్ వీసా చాలా?

హన్మకొండలో సుబేదారి, నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఏ వీధికి వెళ్లినా పిల్లలు అమెరికాలో ఉండి పెద్దవాళ్లిద్దరే ఉంటున్న ఇళ్లు కనిపిస్తాయి. పిల్లలకు అక్కడ సిటిజన్‌షిప్ వచ్చిందంటే చాలు, ఫోన్లో మొదటి మాట "ఇక మీకు గ్రీన్ కార్డ్ వేసేస్తా" అనే. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కానీ ఆ కార్డ్ ఎవరికి మేలు, ఎవరికి విజిటర్ వీసాతో పని జరిగిపోతుంది, ఎవరు ఇక్కడే ఉండటం మంచిది అని లెక్క చూసుకోకుండా ఫారాలు నింపేసి, ఆ తర్వాత "కార్డ్ పోతుందేమో" అన్న టెన్షన్‌తోనే విమానం ఎక్కుతున్న పెద్దవాళ్లను చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. అమ్మ, బాపు ఏడాదిలో ఎన్ని నెలలు నిజంగా అమెరికాలో ఉంటారు? మీరు కోరుకునే నెలలు పక్కన పెట్టి, వాళ్లు ఉండగలిగే నెలలు లెక్కపెట్టండి. బతుకమ్మకు ఊళ్లో ఉండాలి, రెండేళ్లకోసారి మేడారం పోవాలి, పొలం కౌలు మాట్లాడాలి, పత్తి అమ్మేటప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు బాపే పోవాలి అంటే అమెరికాకు మిగిలేది నాలుగైదు నెలలే. అలాంటి ఇంటికి గ్రీన్ కార్డ్ బరువే అవుతుంది. ఎప్పుడంటే అప్పుడు వచ్చి పోవడానికి ఇచ్చే పాస్ అని చాలామంది అనుకుంటారు గానీ, చట్టం దృష్టిలో అది అక్కడే స్థిరంగా కాపురం ఉండే మనిషికి ఇచ్చే హోదా.

ఎవరు ఎవరికి వేయగలరు

ఇక్కడ అపోహలు చాలా ఉన్నాయి కాబట్టి సూటిగా చెప్తా. తల్లిదండ్రులకు పిటిషన్ వేయాలంటే బిడ్డ అమెరికా పౌరుడై ఉండాలి, 21 ఏళ్లు నిండి ఉండాలి. గ్రీన్ కార్డ్ మీద ఉన్నవాళ్లు అమ్మానాన్నలకు వేయలేరు, హెచ్-1బి మీద ఉన్నవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్రీన్ కార్డ్ వచ్చాక మామూలుగా 5 ఏళ్లకు సిటిజన్‌షిప్‌కు అప్లై చేసుకోవచ్చు, అప్పటిదాకా పెద్దవాళ్లకు ఉన్నది విజిటర్ వీసా ఒక్కటే. మన దగ్గర నుంచి వెళ్లి ఈబీ-2 అనే ఉద్యోగపు గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్లకేళ్లు ఇరుక్కున్న వాళ్లకు ఇంకో దారి కూడా ఇదే చట్టంలో ఉంది, అక్కడ పుట్టిన వాళ్ల బిడ్డకు 21 నిండితే ఆ బిడ్డే తల్లిదండ్రులకు వేయొచ్చు.

అల్లుడు అత్తమామలకు వేయలేడు, కోడలు కూడా అంతే. ఎవరి తల్లిదండ్రులకు వాళ్లే వేసుకోవాలి, కాబట్టి భార్యాభర్తల్లో ఒక్కరే సిటిజన్ అయితే ఆ ఒక్కరి వైపు పెద్దవాళ్లకే ఈ అవకాశం. అమ్మకు ఒక పిటిషన్, బాపుకు ఇంకొకటి, విడివిడిగా వేయాలి. వాళ్లతో పాటు ఇంట్లో ఉన్న చిన్న చెల్లెలో తమ్ముడో వచ్చే వీలు ఈ కేటగిరీలో లేదు. తోబుట్టువులకు వేరే కేటగిరీ ఉంది గానీ, ఇండియా వాళ్లకు అందులో దాదాపు ఇరవై ఏళ్ల వెయిటింగ్. తల్లిదండ్రుల కేటగిరీకి మాత్రం ఏడాదికి ఇంతమందికే అన్న పరిమితి లేదు, క్యూ లేదు, కాగితాలు తిరిగే కాలమే పడుతుంది.

చిన్నప్పుడే మేనమామకో పెద్దనాన్నకో దత్తత ఇచ్చిన ఇళ్లు మన వైపు ఉన్నాయి కదా. దత్తత తీసుకున్నవాళ్ల ద్వారా బిడ్డ అమెరికా హోదా పొంది ఉంటే, కన్న తల్లిదండ్రులకు వేయడం కుదరదు. అలాంటి ఇంట్లో ఫారం ముట్టుకునే ముందే లాయర్‌తో మాట్లాడాలి.

విజిటర్ వీసా: తక్కువ అంచనా వేయకండి

బి-1/బి-2 వీసా మన వాళ్లకు సాధారణంగా 10 ఏళ్లకు ఇస్తారు, దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే. దిగినప్పుడు మామూలుగా 6 నెలలు ఉండనిస్తారు. కోడలి పురిటికో, మనవడి అన్నప్రాసనకో, ఎండాకాలం తప్పించుకోవడానికో వెళ్లి నాలుగైదు నెలలుండి వచ్చే వాళ్లకు ఇంతకంటే కావలసింది లేదు. ఇక్కడి బ్యాంకు ఖాతాలు, పెన్షన్, పొలం, పన్నులు ఏవీ కదపక్కర్లేదు.

లోటు ఆరోగ్యం దగ్గరే వస్తుంది. విజిటర్ ఇన్సూరెన్స్‌లో ముందు నుంచి ఉన్న జబ్బులకు సాధారణంగా కవరేజ్ ఉండదు, కొన్ని ప్లాన్లు "ఉన్నట్టుండి ముదిరితే" అన్న షరతుతో కొంత ఇస్తాయి, వయసు 70 దాటితే ఆ కొంత ఇంకా తగ్గుతుంది. షుగర్, బీపీ, స్టెంట్ ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. ప్లాన్ కొనేటప్పుడు, ఒక్కో రోగానికి ఇంత అని గట్టి పరిమితి పెట్టే చవక రకమా, మొత్తం బిల్లులో శాతం కట్టే రకమా అని చూడండి. చవక రకం ఆసుపత్రి బిల్లులో ఏ మూలకూ రాదు.

ఇంకో జాగ్రత్త. ఇమిగ్రెంట్ పిటిషన్ వేశాక కొత్తగా విజిటర్ వీసా అడిగితే "వీళ్లు వెళ్లి ఉండిపోతారు" అన్న అనుమానం ఆఫీసర్‌కు సహజంగా వస్తుంది, ఫారంలో పిటిషన్ సంగతి దాచడం పెద్ద తప్పు. అందుకే వీసా లేని పెద్దవాళ్లకు ముందు విజిటర్ వీసా తీయించి, ఒకసారి తీసుకెళ్లి చూపించి, ఆ తర్వాత గ్రీన్ కార్డ్ ఆలోచన చేయడమే నాకు సరైన వరుస అనిపిస్తుంది.

గ్రీన్ కార్డ్: ఇక్కడి నుంచా, అక్కడికి వెళ్లాకనా

రెండు దారులు. ఇక్కడి నుంచి అయితే బిడ్డ ఐ-130 అనే పిటిషన్ ఫారం వేస్తాడు, అది ఆమోదమయ్యాక నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది, కాగితాలు అక్కడ సరిచూస్తారు, మెడికల్ అయ్యాక ఇంటర్వ్యూ. హైదరాబాద్ కాన్సులేట్ ఇమిగ్రెంట్ వీసాలు చూడదు, మన వాళ్లు సాధారణంగా ముంబై వెళ్లాలి. 2024 ఏప్రిల్ నుంచి ఉన్న ఫీజుల ప్రకారం ఆన్‌లైన్‌లో ఐ-130కి 625 డాలర్లు, తర్వాత వీసా దరఖాస్తుకు 325, స్పాన్సర్ పత్రాలకు 120, చివర్లో కార్డ్ కోసం 235. మెడికల్ కాకుండా మనిషికి సుమారు 1,300 డాలర్లు అనుకోండి. కాలం ఏడాదికి పైనే, ఒక్కోసారి రెండేళ్ల దగ్గరికి పోతుంది. ఆ కాలమంతా పెద్దవాళ్లు తమ ఇంట్లో, తమ డాక్టర్ దగ్గర, తమ పనుల్లో ఉంటారు. నా ఓటు ఈ దారికే.

రెండోది, విజిటర్ వీసా మీద వెళ్లిన తర్వాత అక్కడే ఐ-485 అనే గ్రీన్ కార్డ్ దరఖాస్తు వేయడం. ఒక్క ఐ-485కే 1,440 డాలర్లు. ఉండిపోవాలనే ఉద్దేశంతోనే విజిటర్ వీసా మీద దిగి, ఎయిర్‌పోర్టులో "చూడ్డానికి వచ్చాం" అని చెప్తే అది అబద్ధం చెప్పి ప్రవేశించడం కిందికి వస్తుంది, దాని ఫలితం జీవితాంతం వెంటాడుతుంది. వెళ్లాక పరిస్థితి నిజంగా మారి వేసేవాళ్లు వేరు. అయినా ఇందులో ఒక కఠినమైన షరతు ఉంది: ఐ-485 పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. ఇక్కడ పెద్దమ్మ పోయిందనో, తమ్ముడు ఐసీయూలో ఉన్నాడనో కబురొస్తే అమ్మ రావడానికి ఉండదు. పదకొండో రోజు కార్యానికి వీడియో కాల్‌లో కూర్చుని ఏడ్చే తల్లిని ఊహించుకోండి, ఆ నెలలు ఎలా గడుస్తాయో ఆలోచించి నిర్ణయం తీసుకోండి.

ఏ దారైనా ఐ-864 అనే హామీ పత్రం తప్పదు. ఇంట్లో ఉన్నవాళ్లను, రాబోయే పెద్దవాళ్లను కలిపి ఆ సైజు కుటుంబానికి అమెరికా ప్రభుత్వం చెప్పే పేదరికపు గీతలో కనీసం 125 శాతం ఆదాయం చూపించాలి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అమ్మ, బాపు, మొత్తం ఆరుగురు అయితే 2025 లెక్కన దాదాపు 53,900 డాలర్లు. ఉద్యోగం ఉన్న మన వాళ్లకు ఇది కష్టం కాదు, తక్కువైతే సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉన్న తోబుట్టువో స్నేహితుడో జాయింట్ స్పాన్సర్‌గా రావచ్చు. కానీ ఈ సంతకం మామూలు సంతకం కాదు. పెద్దవాళ్లు సిటిజన్ అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ల) పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా హోదా వదిలేసి దేశం విడిచేదాకా, లేదా చనిపోయేదాకా ఆ బాధ్యత మీదే. రేపు అన్నదమ్ముల మధ్య మాటలు చెడినా సంతకం పెట్టినవాడిదే భారం. అందుకని ఫైల్ చేసే ముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకసారి కూర్చుని, ఎవరి దగ్గర ఉంటారు, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఇక్కడి ఇల్లు ఎవరు చూసుకుంటారు అని తేల్చుకోవాలి. "చిన్నోడు వేసిండు కదా, వాడే చూసుకుంటడు" అన్న మాట తర్వాత చాలా ఇళ్లలో వినపడుతుంది.

కార్డ్ నిలబెట్టుకోవడం

ఆరు నెలలకోసారి వెళ్లి మొహం చూపిస్తే చాలు అంటారు, అది నమ్మకండి. 180 రోజులు దాటి బయట ఉండి వస్తే ఎయిర్‌పోర్టులో కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషిగా చూసి ప్రశ్నలు వేయొచ్చు, ఏడాది దాటితే ఆ కార్డ్ తిరిగి ప్రవేశించడానికి పనికిరాదు. ఏడాదికి మించి ఉండాల్సి వస్తే అమెరికాలో ఉన్నప్పుడే రీఎంట్రీ పర్మిట్‌కు అప్లై చేయాలి, అది గరిష్ఠంగా రెండేళ్లు. ఆరు నెలల లోపే తిరిగొచ్చినా, ప్రతి ఏడూ ఎక్కువ కాలం వరంగల్‌లోనే గడుపుతుంటే "మీరు నివసించేది ఎక్కడ?" అని అడిగే హక్కు ఆఫీసర్‌కు ఉంది. సమాధానం చెప్పడానికి అమ్మకు ఇంగ్లీష్ రాదు, పక్కన మీరు ఉండరు.

సిటిజన్‌షిప్ వస్తే ఈ బాధ ఉండదు కదా అంటారా? 5 ఏళ్లలో కనీసం 30 నెలలు అక్కడ ఉండాలి, ఇంగ్లీష్ పరీక్ష కూడా ఉంటుంది. ఆ ఇంగ్లీష్ నుంచి మినహాయింపు కావాలంటే 50 దాటి 20 ఏళ్లు లేదా 55 దాటి 15 ఏళ్లు గ్రీన్ కార్డ్ మీద ఉండాలి. 65 ఏళ్లకు కొత్తగా వెళ్లిన మనిషికి అది దూరపు మాట. తీవ్రమైన అనారోగ్యం వల్ల నేర్చుకోలేరని డాక్టర్ రాసిచ్చే దారి ఉంది, అది వైద్య కారణం ఉన్నవాళ్లకే.

కార్డ్ తీసుకుని, కుదరక ఐ-407 ఫారంతో వదిలేసి మళ్లీ విజిటర్ వీసాకు అప్లై చేసుకునే వాళ్లూ ఉన్నారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కార్డ్ చెల్లకుండా పోయి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడటం కంటే మర్యాదగా అప్పగించడం ఎంతో నయం.

ఆసుపత్రి ఖర్చు: ఎక్కువ ఇళ్లలో నిర్ణయం ఇక్కడే తేలాలి

గ్రీన్ కార్డ్ రాగానే ప్రభుత్వం వైద్యం చూసుకుంటుందన్నది తప్పు. పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ రావాలంటే 65 నిండాలి, గ్రీన్ కార్డ్‌తో వరుసగా 5 ఏళ్లు అక్కడ నివసించి ఉండాలి, అప్పుడు కూడా అక్కడ పని చేసిన చరిత్ర లేదు కాబట్టి డబ్బు కట్టి కొనుక్కోవాలి. 2025లో ఆసుపత్రి భాగం పార్ట్ ఎ నెలకు 518 డాలర్లు, డాక్టర్ ఖర్చుల భాగం పార్ట్ బి 185. ఒక్కరికే నెలకు 700 దాటింది, ఇద్దరికి రెట్టింపు. పేదల పథకం మెడికెయిడ్‌కు కూడా కొత్తగా వచ్చినవాళ్లకు సాధారణంగా 5 ఏళ్ల అడ్డు. ఆ మధ్య కాలానికి మార్కెట్‌ప్లేస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు, విజిటర్ ప్లాన్‌తో పోలిస్తే ఇదే పెద్ద లాభం, ఎందుకంటే ఇందులో పాత జబ్బులున్నాయని కాదనడానికి లేదు. ప్రీమియం రాష్ట్రాన్ని బట్టి, మీ ఆదాయాన్ని బట్టి చాలా మారుతుంది కాబట్టి మీ జిప్ కోడ్ పెట్టి ముందే ధర చూసుకోండి, ఐ-130 వేసిన తర్వాత కాదు.

ఇటువైపు చూడండి. రిటైర్డ్ టీచర్‌కో ఉద్యోగికో ఇక్కడ ఆరోగ్య పథకం ఉంటుంది, అర్హత ఉన్న ఇళ్లకు ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. తెలుగులో మాట్లాడే డాక్టర్, ఆటోలో పది నిమిషాల్లో ఆసుపత్రి, మందులు ఇంటికి తెచ్చిచ్చే మెడికల్ షాపు. గుండె ఆపరేషనో డయాలసిసో దగ్గర్లో ఉన్న మనిషిని ఇవన్నీ వదిలించి తీసుకెళ్లడం ప్రేమే కావచ్చు, కానీ ఆ మనిషికి అది మేలా అన్నది డాక్టర్‌తో కూర్చుని అడగండి.

కాగితాలు: వరంగల్‌లో చిక్కులు ఎక్కడొస్తాయి

ఐ-130కి మూలం బిడ్డ జనన ధృవీకరణ పత్రం, అందులో తల్లిదండ్రుల పేర్లు ఉండాలి. బాపుకు వేసేటప్పుడు అమ్మానాన్నల పెళ్లి సర్టిఫికెట్ కూడా కావాలి. 1980ల్లో పరకాల దగ్గరో నర్సంపేట దగ్గరో ఇంట్లోనే పుట్టినవాళ్లకు పుట్టుక నమోదే అయి ఉండదు. అప్పుడు పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయం నుంచి రికార్డు లేదన్న నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, పదో తరగతి మెమో, స్కూల్ రికార్డు, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. మీసేవలో దరఖాస్తు పెట్టి ఆర్డీవో ఉత్తర్వుతో ఆలస్యంగా నమోదు చేయించుకోవచ్చు కూడా, అయితే నిన్నగాక మొన్న నమోదైన సర్టిఫికెట్ ఒక్కటే పంపితే అనుమానంతో ఇంకా సాక్ష్యం అడుగుతారు. పాత కాగితం ఏదున్నా దానితో పాటే పంపండి. వీసా దశలో పెద్దవాళ్ల సొంత పుట్టుక పత్రాలూ అడుగుతారు, 1950ల్లో పుట్టినవాళ్లకు దాదాపుగా నాన్-అవైలబిలిటీ దారే.

అన్నిటికంటే ఎక్కువ నెలలు తినేది పేర్ల తేడా. కొడుకు సర్టిఫికెట్‌లో "లక్ష్మి", ఆధార్‌లో "విజయలక్ష్మి", పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు, పెన్షన్ బుక్కులో అత్తింటి ఇంటిపేరు. ముందు పాస్‌పోర్ట్ పేరును స్థిరం చేసి, మిగతావి దానికి దగ్గరగా దిద్దించి, దిద్దలేని వాటికి ఇద్దరూ ఒకరే అన్న నోటరీ అఫిడవిట్ పెట్టండి. పాత పెళ్లిని సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడు కూడా రిజిస్టర్ చేయించుకోవచ్చు, లగ్న పత్రికో పెళ్లి ఫొటోనో, సాక్షులో ఉంటే పని సులువు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లోనే అప్లై చేస్తారు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గిన మనిషైతే అప్పటి చికిత్స కాగితాలు తప్పక వెతకండి. ఎక్స్‌రేలో మచ్చ కనపడితే కఫం కల్చర్ పరీక్షకే రెండు నెలలు పడుతుంది.

డబ్బు సంగతి కొంచెం. గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు నుంచి బాపు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా పన్ను లెక్కలోకి వస్తుంది. పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ, హన్మకొండ ఇంటి అద్దె, ఇక్కడ పన్నే లేని పొలం ఆదాయం కూడా. చాలామందికి కట్టాల్సిన పన్ను పెద్దగా ఉండదు, కానీ ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి చూపించాలి, చూపించకపోతే జరిమానా గట్టిగా ఉంటుంది. ఇటు బ్యాంకు ఖాతాలను ఎన్నార్వోకు, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్చుకోవాలి. ఉన్న వ్యవసాయ భూమి ఉంచుకోవచ్చు, వారసత్వంగా పొందొచ్చు, కొత్తగా కొనలేరు. భూముల మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి ఈ ముక్క ముందే చెప్పాలి.

బిడ్డలు వేరే దేశంలో ఉంటే

కెనడాలో పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్నవాళ్లూ తల్లిదండ్రులను స్పాన్సర్ చేయొచ్చు, కానీ 2020లో ఆసక్తి నమోదు చేసుకున్న వాళ్ల జాబితా నుంచే 2025 దాకా ఆహ్వానాలు తీశారు, పైగా క్యూబెక్ మినహా 20 ఏళ్ల హామీ ఇవ్వాలి. కెనడాలో ఉన్నవాళ్లకు తల్లిదండ్రుల కోసం ఇచ్చే సూపర్ వీసానే మేలని నా అభిప్రాయం, ఒక్కసారికి 5 ఏళ్లు ఉండొచ్చు, లక్ష కెనడియన్ డాలర్ల ఆరోగ్య బీమా కావాలి. ఆస్ట్రేలియాలో శాశ్వత పేరెంట్ వీసాలకు ఏళ్లకేళ్లు ఆగాలి, వాటిలో కాస్త త్వరగా వచ్చే రకానికి మనిషికి 40 వేల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైనే కట్టాలి, పిల్లల్లో కనీసం సగం మంది అక్కడే ఉండాలి, లేదా వేరే ఏ ఒక్క దేశంలో కంటే అక్కడే ఎక్కువమంది ఉండాలన్న లెక్క కూడా ఉంది. అందుకే చాలామందికి 870 తాత్కాలిక వీసా దారి కనిపిస్తుంది, 3 లేదా 5 ఏళ్లు, మొత్తం మీద 10. బ్రిటన్‌లో 2012 నుంచి నిబంధన ఎంత బిగుసుకుందంటే, డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటే ఇక్కడే సేవ దొరికే పరిస్థితి ఉన్న తల్లిదండ్రులకు ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

మరి ఎవరికి ఏది

ఇద్దరూ ఆరోగ్యంగా ఉండి, ఊళ్లో పొలం, చుట్టాలు, గుడి, స్నేహితులు ఉన్నవాళ్లకు విజిటర్ వీసా. పిల్లలందరూ అక్కడే ఉండి, ఇక్కడ పట్టించుకునే దగ్గరి మనిషి లేక, వయసు అరవైల్లోనే ఉండి, మనవలతో కలిసి ఉండాలని వాళ్లే అంటున్న ఇంటికి గ్రీన్ కార్డ్, ఇక్కడి నుంచే. 75 దాటి జబ్బులు బలంగా ఉంటే, బిడ్డల్లో ఎవరో ఒకరు వంతులవారీగా వచ్చి ఉండటం, ఇంట్లో నమ్మకమైన మనిషిని పెట్టడం, దాని మీద ఖర్చు పెట్టడం.

బాపు పోయి అమ్మ ఒక్కతే ఉన్న ఇంటి సంగతి వేరు, అక్కడ నేను ఆలస్యం వద్దంటాను. ఆమె ఒక్కదానికే పిటిషన్ కాబట్టి ముఖ్యంగా కావాల్సింది ఆమె పేరున్న మీ పుట్టుక పత్రం, పేరు మారి ఉంటేనే పెళ్లి సర్టిఫికెట్ ప్రశ్న వస్తుంది. అయితే "వస్తావా అమ్మా" అని ఏడాది మాసికం రోజు చుట్టాల మధ్యలో అడగొద్దు, అప్పుడు ఏ తల్లైనా బిడ్డ మొహం చూసి సరేనంటుంది. వీసా ఉంటే ఒకసారి నవంబర్‌లో తీసుకెళ్లి మార్చి దాకా ఉంచుకోండి. ఎండాకాలంలో పార్కులు, గుడి, పుట్టినరోజులతో అమెరికా అందరికీ నచ్చుతుంది. మీరిద్దరూ ఆఫీసుకు, పిల్లలు బడికి పోయాక కారు నడపరాని మనిషి సాయంత్రం దాకా ఆ చలిలో ఒంటరిగా ఎలా ఉంటుందో ఆమె చూడాలి, మీరూ చూడాలి. ఆ చలికాలం గడిచి హన్మకొండ తిరిగొచ్చాక కూడా "మీ దగ్గరే ఉంటా బిడ్డా" అంటే, ఆ వారమే ఐ-130 ఫైల్ చేయండి.